విమానానికి మరమ్మతు అయ్యింది, మనకు చెప్పిందెవరు?

2021 ఫిబ్రవరి 20, శనివారం. దోహా నుంచి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737 విమానం గన్నవరంలో సలామత్‌గా దిగింది. రన్‌వే దాటి, ఆగాల్సిన చోటికి మెల్లగా వెళ్తుండగా దాని రెక్క ఒక లైటు స్తంభానికి తగిలింది. లోపల 64 మంది ముసాఫిర్లు. ఎవరికీ ఏమీ కాలేదు, అల్హందులిల్లాహ్. వార్త ఒకటి రెండు రోజులు నడిచింది. తర్వాత అందరం మరిచిపోయాం.

మనం మరిచిపోయిన చోటే ఇలాంటి విమానాల అసలు కథ మొదలవుతుంది. వందల కోట్ల విలువైన జెట్‌ను రెక్కకు దెబ్బ తగిలిందని ఎవరూ పారేయరు. తనిఖీ చేస్తారు, పాడైన భాగాన్ని తీసి కొత్తది వేస్తారు, పరీక్షిస్తారు, ఒకరు దస్తఖత్ పెడతారు, విమానం మళ్లీ సర్వీసులోకి వస్తుంది. లోకమంతా జరిగే పనే ఇది. కొన్నేళ్లు ఎగిరిన ఏ విమానాన్ని చూసినా ఒంటి మీద ఎక్కడో ఒక అతుకు ఉంటుంది. ఇందులో తప్పు లేదని ముందే చెప్పేస్తున్నాను. నా అభ్యంతరం ఒక్కటే. ఆ అతుకు సంగతి విమానం కొనేవాడికి తెలుస్తుంది, లీజుకిచ్చేవాడికి తెలుస్తుంది, బీమా కంపెనీకి తెలుస్తుంది. అందులో జాన్ పెట్టి కూర్చునేవాడికి మాత్రం తెలియదు.

మన ఇళ్లల్లో విమానమంటే సైర్ సపాటా కాదు. దుబాయి డ్యూటీ, రియాద్ వీసా, రెండేళ్లకోసారి వచ్చే బేటా, ఏళ్ల తరబడి పైసా పైసా కూడబెట్టి వెళ్లే ఉమ్రా. వరంగల్ నుంచి శంషాబాద్ దాకా జీపులో దుఆలు చదువుకుంటూ వెళ్లి సాగనంపి వచ్చే ఖాన్‌దాన్లు మనవి. అందుకే 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలి, అందులో ఉన్న 242 మందిలో 241 మంది పోయిన తర్వాత మన ఫోన్లలో ఒకటే గోల. ఫలానా విమానానికి ఇంతకుముందే యాక్సిడెంట్ అయ్యిందట, మళ్లీ దాన్నే తిప్పుతున్నారట, ఎక్కొద్దు, ఈ ఆడియో పదిమందికి పంపండి. ఉమ్రాకు పోవాల్సిన ఒక ఆపా నన్ను అడిగింది: "భాయ్, విమానం కొత్తదా, రిపేర్ చేసిందా అని టికెట్ మీద రాసి ఉంటదా?" ఉండదు ఆపా అన్నాను. "మరి మనకెట్ల తెల్వాలె?" అంది. ఆ సవాల్‌కు జవాబ్ నా దగ్గర లేదు. ఈ దేశంలో ఏ టికెట్ కౌంటర్ దగ్గరా లేదు.

ఆడియోలో 'మన్హూస్ విమానం' అన్న మాట కూడా విన్నాను. ముందు దాని హిసాబ్ తేల్చుకుందాం. ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకు ఒక తమాషా గుర్తుండాలి. ఉర్దూలో విమానాన్ని తయ్యారా అంటాం. పక్షి ఎగిరే దిక్కును చూసి శకునం చెప్పడాన్ని అరబ్బీలో తియరా అంటారు. రెండూ ఒకే ధాతువు నుంచి పుట్టినవి, ఎగరడం నుంచి. జాహిలియ్యా కాలపు అరబ్బులు సఫర్‌కు బయల్దేరే ముందు పక్షిని లేపి, అది కుడికి పోతే ముందుకు, ఎడమకు పోతే వెనక్కి. ఆ తియరాను మన దీన్ ఎప్పుడో కొట్టేసింది. తయ్యారా దగ్గర మాత్రం మనం మళ్లీ దాన్నే పట్టుకుంటున్నాం. ఒకసారి దెబ్బ తిన్న విమానం మన్హూస్ అనుకోవడం వహమ్, అంతకంటే ఏమీ కాదు.

1983 జూలై 23న ఎయిర్ కెనడా వాళ్ల బోయింగ్ 767 ఒకటి ఆకాశంలో ఉండగానే ఇంధనం అయిపోయింది. పౌండ్లు, కిలోల లెక్క తారుమారైంది. రెండు ఇంజన్లూ ఆగిపోతే, పైలట్లు దాన్ని గాలిపటంలా తేల్చుకుంటూ గిమ్లీ అనే ఊళ్లో పాత సైనిక రన్‌వే మీద దించారు. ముక్కు నేలకు రాసుకుపోయింది. దానికి మరమ్మతు చేశారు. ఆ తర్వాత ఎంతకాలం ఎగిరిందనుకున్నారు? 2008 జనవరి దాకా. దాదాపు పాతికేళ్లు లక్షల మందిని మోసి, సలామత్‌గా రిటైరైంది.

ఇంకా పెద్దది 2010 నవంబర్ 4 నాటిది. సింగపూర్ నుంచి సిడ్నీకి బయల్దేరిన క్వాంటాస్ ఎ380, లోపల 469 మంది. గాల్లోకి లేచిన కొద్ది నిమిషాలకే ఎడమ రెక్క కింది ఇంజన్ పేలింది. తిరిగే డిస్కు ముక్కలై రెక్కను చీల్చుకుంటూ పోయింది, వైర్లు తెగిపోయాయి. ఆ స్థితిలో పైలట్లు దాన్ని వెనక్కి తెచ్చి సింగపూర్‌లోనే దించారు. ఒక్కరికీ గాయం కాలేదు. ఇంజన్ లోపలి ఒక చిన్న నూనె గొట్టాన్ని తయారీలోనే సరిగ్గా తొలచలేదని, అది పగిలి నూనె అంటుకుందని దర్యాప్తులో తేలింది. ఆ విమానాన్ని తుక్కుకు అమ్మేస్తారని చాలామంది అనుకున్నారు. అమ్మలేదు. సుమారు 13.9 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు ఖర్చయ్యింది. నాలుగు ఇంజన్లూ మార్చారు, రెక్కలో 6 కిలోమీటర్ల వైరు కొత్తగా వేశారు, నేల మీద రకరకాల పరీక్షలు పెట్టి, రెండుసార్లు ఖాళీగా ఎగరేసి చూశారు. 2012 ఏప్రిల్‌లో అది ముసాఫిర్ల సేవలోకి తిరిగి వచ్చింది. నాన్సీ బర్డ్ వాల్టన్ అనే పాత పేరుతోనే వచ్చింది. పేరు మార్చి మూలన పెట్టలేదు.

ఆ వైరు ఎన్ని కిలోమీటర్లో వరంగల్‌లో కూర్చుని నేను రాయగలుగుతున్నానంటే కారణం ఉంది. చెప్పారు కాబట్టి తెలిసింది. ఎందుకు పగిలిందో ఆస్ట్రేలియా దర్యాప్తు సంస్థ 2013లో నివేదిక బయటపెట్టి చెప్పింది. ఏం మార్చారో మరమ్మతు వివరాల్లో వచ్చింది. ఇది చదివినవాడు ఆ విమానం ఎక్కడానికి భయపడతాడా? నేనైతే ఇత్మీనాన్‌గా ఎక్కుతాను.

ఇప్పుడు నాణేనికి రెండోవైపు. ఇది చదవడానికి బాగుండదు, కానీ చదవాలి.

1978 జూన్ 2న జపాన్ ఎయిర్‌లైన్స్ జంబో జెట్ ఒకటి ఒసాకాలో దిగుతూ తోకను నేలకు కొట్టుకుంది. విమానం వెనక భాగంలో గిన్నె ఆకారంలో ఒక లోహపు గోడ ఉంటుంది. ముసాఫిర్లుండే వైపు గాలి నింపి ఉంటుంది, గోడ అవతల తోక ఖాళీ. పైకి వెళ్లిన ప్రతిసారీ లోపలి గాలి ఆ గోడను బయటికి తోస్తుంది, కిందికి దిగగానే వదిలేస్తుంది. ఒక్కో సఫర్‌కు ఒక్కో ఊపిరి అనుకోండి. ఆ గోడ దెబ్బతింది. బోయింగ్ సొంత మనుషులే వచ్చి బాగు చేశారు. సగం గోడ మార్చి, పాత సగానికి అతికించాలి. మధ్యలో ఒకే పలక, నిడివిగా, తెగకుండా వేయాలని ప్లాన్‌లో ఉంది. వేసింది మాత్రం రెండు ముక్కలు. దాంతో బరువు మోయాల్సిన రివెట్ల వరసల్లో ఒక్క వరస మీదే భారమంతా పడింది. అలసటను తట్టుకునే శక్తి దాదాపు 70 శాతానికి పడిపోయింది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. రెండు ముక్కల మధ్య సందు కనపడకుండా సీలెంట్ పూసి ఉంది.

ఏడేళ్లు. పన్నెండు వేలకు పైగా సఫర్లు. ప్రతిసారీ ఒక ఊపిరి, ప్రతి ఊపిరికీ పగులు ఇంకాస్త ముందుకు. 1985 ఆగస్టు 12 సాయంత్రం టోక్యో నుంచి ఒసాకాకు బయల్దేరిన పన్నెండు నిమిషాలకు గోడ బద్దలైంది. ఆ గాలి దెబ్బకు తోక ఊడిపోయింది, హైడ్రాలిక్ గొట్టాలన్నీ తెగాయి. అరగంటకు పైగా పైలట్లు దానితో కుస్తీ పట్టారు. చివరికి కొండను ఢీకొంది. 524 మందిలో 520 మంది పోయారు. కొండను ఢీకొనే ముందు కొందరు ముసాఫిర్లు చేతికందిన కాగితాల మీద ఇంటివాళ్లకు నాలుగు మాటలు రాసిపెట్టారు.

ఇలాంటిదే మరొకటి, చైనా ఎయిర్‌లైన్స్ జంబో జెట్. 1980 ఫిబ్రవరిలో హాంకాంగ్‌లో తోక నేలకు రాసుకుంది. గీతలు పడిన రేకును కోసి తీసేయాలి, లేదా గీతల కంటే చాలా దూరం వరకు కప్పేలా పలక వేయాలి. వాళ్లు గీతలను అలాగే ఉంచి, చాలీచాలని పలక వేసి రివెట్లు కొట్టారు. 22 ఏళ్లు పట్టింది. 2002 మే 25న తైపీ నుంచి హాంకాంగ్ వెళ్తూ అది గాల్లోనే ముక్కలైంది, 225 మంది పోయారు. ఆ పలక చుట్టూ గోధుమ రంగు మరకలున్నట్టు తర్వాత గమనించారు. విమానాల్లో సిగరెట్లు తాగనిచ్చిన రోజుల్లో లోపలి పొగ ఆ పగుళ్లలోంచి బయటికి కారి పడిన మరకలవి. లోహం ఏళ్ల తరబడి గవాహీ ఇస్తూనే ఉంది. చూసి అర్థం చేసుకున్నవాడు లేడు.

మన బస్తీల్లో మోటార్ పని చేసే భాయ్‌లకు నేను చెప్పనక్కర్లేదు. డెంటింగ్ పెయింటింగ్ వేరు, ఛాసిస్ వెల్డింగ్ వేరు. బానెట్ మీద సొట్ట తీసి రంగు కొడితే బండి అందం తిరిగొస్తుంది. ఛాసిస్ విరిగితే దానికి ఎంత రంగు కొట్టినా లారీ ఘాట్ రోడ్డు ఎక్కినప్పుడు నిజం చెప్పేస్తుంది. మంచి మెకానిక్ ఆ తేడా ఓనర్‌కు ముందే చెబుతాడు, గిరాకీ పోయినా సరే. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు మనం అడిగే మొదటి సవాల్ ఏంటి? "యాక్సిడెంట్ బండా, భాయ్?" వంగి కింద చూస్తాం, తలుపుల సందులు చూస్తాం, తెలిసిన మిస్త్రీని తీసుకెళ్తాం. మూడు లక్షల బండికి ఇంత జాగ్రత్త.

విమానాలు కొనేవాళ్లు కూడా ఇదే చేస్తారు, ఇంకా గట్టిగా చేస్తారు. విమానం గానీ, దాని ఇంజన్ గానీ చేతులు మారేటప్పుడు పుట్టుక నుంచి రికార్డులు అడుగుతారు. ఇది ప్రమాదంలో పడలేదు, పడి ఉంటే ఫలానాది జరిగింది అని చెప్పే కాగితం ఒకటుంది, నాన్ ఇన్సిడెంట్ స్టేట్‌మెంట్ అంటారు. అది లేకపోతే సౌదాయే కుదరదు. ఒంటి మీద ప్రతి సొట్టకు, ప్రతి అతుకుకు పటం గీసి పెడతారు, ఎక్కడ, ఎంత లోతు, ఎప్పుడు చూశారు అని. మన దేశంలో డీజీసీఏ నిబంధనల ప్రకారం మరమ్మతు చేసే సంస్థకు అనుమతి ఉండాలి, ఇంజనీర్‌కు లైసెన్స్ ఉండాలి, పని పూర్తయ్యాక అతను సర్టిఫికెట్ ఆఫ్ రిలీజ్ మీద దస్తఖత్ పెట్టాలి. ఆ దస్తఖత్ లేకుండా విమానం కదలకూడదు. తయారీ కంపెనీ ఇచ్చిన మరమ్మతుల గ్రంథంలో లేని దెబ్బ తగిలితే, కంపెనీనే అడిగి ప్రత్యేకంగా డిజైన్ తెప్పించుకోవాలి. శంషాబాద్‌లోనే ఈ పని చేసే హ్యాంగర్లున్నాయి, జీఎంఆర్ వాళ్లది ఒకటి, ఎయిరిండియా ఇంజనీరింగ్ సంస్థది ఒకటి.

అంటే కాగితం లేక కాదు. కాగితం ఉంది, అది మన దాకా రాదు, అంతే.

ఆ దస్తఖత్ గురించి ఇంకో మాట. మన భాషలో చెప్పాలంటే అది గవాహీ. ఇంజనీర్ తన కళ్లతో చూశాను, ఇది ఎగరడానికి లాయఖ్ అని షహాదత్ ఇస్తున్నాడు. ఆ గవాహీ మీద షెడ్యూల్ అనే బరువు పడితే ఏమవుతుందో జిద్దాలో హాజీల విషయంలో చూశాం. 1991 జూలై 11న హజ్ ముగించుకుని నైజీరియాలోని సొకోటోకు తిరిగి వెళ్తున్న హాజీల డీసీ 8 విమానం. కెనడా కంపెనీ దగ్గర కిరాయికి తీసుకున్నది. చక్రాల్లో గాలి తక్కువుందని మెకానిక్‌లకు తెలుసు, మార్చాలనుకున్నారు కూడా. నైట్రోజన్ అందుబాటులో లేదు. ఆగితే ఆలస్యమవుతుందని పైవాళ్లు ఒప్పుకోలేదు. టేకాఫ్‌లో టైర్లు పేలి మంటలంటుకున్నాయి, అవే మంటలతో చక్రాలు పొట్టలోకి ముడుచుకున్నాయి. 261 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఇది మరమ్మతు చేసిన విమానం కేసు కాదు, చేయాల్సిన మరమ్మతు చేయకుండా వదిలిన కేసు. కానీ జబ్బు ఒకటే. తెలిసినవాడి మాట విమానం ఎక్కేవాడి దాకా రాలేదు.

మన హైదరాబాద్ కేసు కూడా ఒకటి గుర్తు చేయాలి, ఇందులో కొంత మంచి కూడా ఉంది కాబట్టి. 2022 అక్టోబర్ 12 రాత్రి గోవా నుంచి హైదరాబాద్ వస్తున్న స్పైస్‌జెట్ విమానం లోపల పొగ నిండిపోయింది. జెట్ కాదు, పంకాలుండే క్యూ400. 86 మంది ముసాఫిర్లను శంషాబాద్‌లో దించారు. ఇంజన్ నూనె ఏసీ గాలిలో కలిసిందని డీజీసీఏ తేల్చింది. ఆ ఒక్క విమానంతో ఆగలేదు. ఆ కంపెనీ దగ్గర తిరుగుతున్న 14 క్యూ400లు, 28 ఇంజన్లు, అన్నిటి నూనె నమూనాలూ 15 రోజులకోసారి తయారీ కంపెనీకి పంపాలని హుకుం ఇచ్చింది. లోహపు రజను ఉందేమో చూడమంది. ఇది బహిరంగంగా చెప్పింది కాబట్టే నేను రాస్తున్నాను. మంచి పని, షుక్రియా. కానీ ఆ తర్వాత ఏం తేలింది, ఏ ఇంజన్‌లో ఏం మార్చారు, ఏ విమానం ఎప్పుడు తిరిగొచ్చింది, ఇది టికెట్ కొనేవాడికి తెలిసే దారి ఏది? సమస్య మొదలైనప్పుడు పత్రికల్లో డప్పు మోగుతుంది. సమస్య తీరినప్పుడు నిశ్శబ్దం. నమ్మకం పుట్టాల్సిన చోటనే నోరు మూసుకుంటే ఆ ఖాళీలోకి వాట్సాప్ ఆడియోలు రాక ఇంకేం వస్తాయి?

మదీనా బజార్ సంగతి మన పిల్లలకు మక్తబ్‌లో చెబుతారు. రసూలుల్లాహ్ (స) ధాన్యం రాశి దగ్గర ఆగి అందులో చెయ్యి పెడితే వేళ్లకు తడి తగిలింది. వాన పడిందని తాజిర్ చెప్పుకున్నాడు. జనానికి కనపడేలా తడి ధాన్యాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. ఆ తాజిర్‌ను తడిసిన ధాన్యం అమ్మొద్దనలేదు, గమనించండి. తడి పైకి ఉండాలి, అంతే. తర్వాత కొనేవాడి ఇష్టం. ఐబ్ దాచి అమ్మితే సౌదా రద్దు చేసుకునే హఖ్ కొన్నవాడికి ఉంటుంది. ఫిఖ్‌హ్ పుస్తకాల్లో దాని పేరు ఖియారె ఐబ్. టికెట్ అంటే కొనుగోలు కాదు కదా, ఇజారా కదా అని ఏ మౌలానా సాబ్ అయినా అంటే, కిరాయికీ ఆ హఖ్ ఉందని ఆయనకే బాగా తెలుసు.

తడిని పైన పెట్టడం ఎలా ఉంటుందో జపాన్‌కు వెళ్లి చూడొచ్చు. జపాన్ ఎయిర్‌లైన్స్ 2006లో టోక్యో హనేడా విమానాశ్రయం దగ్గర ఒక కేంద్రం తెరిచింది. ఆ చిరిగిన గోడ అక్కడే ఉంది. రివెట్ల వరసలు కంటికి కనపడతాయి. ముసాఫిర్లు రాసిన చివరి మాటలూ ఉన్నాయి. తమ ఉద్యోగులను తీసుకొచ్చి చూపిస్తారు. అందుకు ఇరవై ఏళ్లు పట్టింది, అదీ నిజమే. అయినా దాచిపెట్టాల్సిన దాన్ని తెచ్చి ముందు గదిలో పెట్టారు.

ఎదుటివాళ్ల వాదన కూడా వినాలి, అది ఉత్త మాట కాదు. మొదటిది, ఇవన్నీ చెబితే జనం బెదిరిపోతారు, బాగున్న విమానం కూడా ఖాళీగా పోతుంది అంటారు. కొంత నిజమే. కానీ బెదిరింపు ఇప్పుడు లేదా? చెప్పకపోవడం వల్ల ఖౌఫ్ తగ్గిందా, పెరిగిందా, మీ ఫ్యామిలీ గ్రూపులు తెరిచి చూసుకోండి. రెండోది, రివెట్ల వరసలూ పలకలూ సామాన్యుడికి ఏం అర్థమవుతాయి అంటారు. ఆసుపత్రిలో స్కానింగ్ రిపోర్టు కూడా మనకు అర్థం కాదు. అర్థమయ్యేవాడి దగ్గరికి తీసుకెళ్తాం. రిపోర్టు ఇవ్వనని ఏ డాక్టరూ అనడు. మూడోదే అసలైన వాదన. బయటపెడితే ఇంజనీర్లు భయపడతారు, చిన్న చిన్న లోపాలు రాయడం మానేస్తారు, అప్పుడు భద్రత ఇంకా పాడవుతుంది అంటారు. దీన్ని నేను ఒప్పుకుంటాను. తప్పు తానే రాసిచ్చిన ఇంజనీర్ పేరు బజార్లో పెట్టకూడదు, వాళ్లకు రక్షణ ఉండాలి. నాకు పేర్లు వద్దు. ఏ దెబ్బ తగిలింది, ఏ భాగం మార్చారు, మరమ్మతు డిజైన్‌ను ఎవరు మంజూరు చేశారు, తర్వాత తనిఖీ ఎప్పుడు. నాలుగు వాక్యాలు చాలు. చిన్న సొట్టలకు కూడా అక్కర్లేదు. రెక్క, తోక, గాలి నింపే శరీరం, ఇంజన్, వీటికి దెబ్బ తగిలి సర్వీసు ఆగిపోయిన ప్రతి విమానం మీద, అది తిరిగొచ్చిన రోజున.

'మరమ్మతు' అన్న మాట తెలుగులోకి మన ఇంటి నుంచే వచ్చింది. 'జవాబుదారీ' కూడా. తెలుగు డిగ్రీలో ఉండగా ఈ మాటలు నిఘంటువులో వెతికి మురిసిపోయేవాణ్ణి. ఇప్పుడు ప్రభుత్వ ప్రకటనల్లో ఈ రెండూ ఒకే పేజీలో కనపడితే చాలనిపిస్తుంది. బట్టకు రఫూ చేసేవాడి గొప్పతనం అతుకు కనపడకపోవడంలో ఉంది. విమానానికి అతుకు వేసేవాడి పని అట్లా కాదు. రేకు మీద రంగు ఎంత నున్నగా కొట్టినా సరే, కాగితం మీద మాత్రం ఆ అతుకు కొట్టొచ్చినట్టు కనపడాలి.

ఇదంతా వరంగల్‌లో ఇప్పుడెందుకంటే, మామునూరు మళ్లీ లేస్తోంది కాబట్టి. నిజాం కాలంలో కట్టిన ఆ ఎయిర్‌పోర్టు 1981 తర్వాత మూతపడింది. 2025 ఫిబ్రవరి ఆఖరులో కేంద్రం దానికి పచ్చజెండా ఊపింది. భూములిచ్చిన రైతుల బాధ వేరే కథ, దాని గురించి విడిగా రాస్తాను. రేపు ఇన్షాఅల్లాహ్ మన ఊరి నుంచే విమానం ఎక్కుతాం. శంషాబాద్ దాకా జీపు తప్పుతుంది. పెద్ద కంపెనీలు కొత్త జెట్లను పెద్ద రూట్లలో తిప్పుకుని, చిన్న ఊళ్లకు వయసు మీరినవి పంపుతాయేమో అన్న అనుమానం నాకుంది. అనుమానమే, ఆధారం లేదు. కాబట్టి అడగాల్సింది ముందే అడగాలి.

ఆ ఆపాకు చివరికి నేను చెప్పింది ఇది. ప్రతి విమానానికి వెనకవైపు, తోక దగ్గర వీటీ అక్షరాలతో మొదలయ్యే నంబరు ఉంటుంది. మన దేశంలో నమోదైన విమానాలకు అది ఆధార్ కార్డు లాంటిది. సౌదియా లాంటి విదేశీ విమానాలకు వాళ్ల దేశపు అక్షరాలుంటాయి. ఎక్కేముందు బస్సులోంచో, గేటు అద్దంలోంచో చూసి రాసిపెట్టుకోవచ్చు. పెద్ద ఘటనల మీద దర్యాప్తు చేసే సంస్థ ఏఏఐబీ 2012 నుంచి పనిచేస్తోంది, దాని నివేదికలు వెబ్‌సైట్‌లో ఉంటాయి, ఎవరైనా చదవొచ్చు. ఇంగ్లిష్‌లో ఉంటాయి. చదివిపెట్టే పిల్లలు మన ఇళ్లల్లో ఇప్పుడు బోలెడుమంది.

డీజీసీఏకు ఒక దర్‌ఖాస్తు రాసి పెట్టాను. పైన చెప్పిన నాలుగు వాక్యాలు, పెద్ద మరమ్మతు జరిగిన ప్రతి విమానం విషయంలో, నంబరుతో సహా, తెలుగు ఉర్దూ హిందీల్లో కూడా బయటపెట్టాలని. ఒక పేజీ కూడా లేదు. వచ్చే జుమా నమాజు తర్వాత మండి బజార్‌లో సంతకాలు తీసుకుంటున్నాం. రాలేనివాళ్లు కింద పేరు, ఊరు రాయండి. ఇంట్లో ఎవరైనా ఈ ఏడాది సఫర్‌లో ఉంటే అదీ రాయండి, ఎక్కడికో చెప్పక్కర్లేదు.